చవక ఫిజిక్స్ కోర్సుకు నేను రెండుసార్లు ఫీజు కట్టిన వైనం

ఆన్‌లైన్‌లో కాలేజీ స్థాయి ఫిజిక్స్ కోర్సు కోసం వెతకడం మొదలుపెట్టిన రోజు నేను వేసుకున్న మొదటి ప్రశ్న "అన్నింటికన్నా ఫీజు తక్కువ ఎక్కడ?" అన్నది. దానికి జవాబు దొరకడానికి ఒక్క సాయంత్రం సరిపోయింది. ఆ ప్రశ్నే తప్పని తెలియడానికి మాత్రం 14 వారాలు పట్టింది.

నేను చేరదలచుకున్న పైచదువుకు ఒక నిబంధన ఉంది. డిగ్రీ స్థాయిలో రెండు టర్ముల భౌతికశాస్త్రం, ప్రయోగశాలతో సహా, పూర్తిచేసి ఉండాలి. నా డిగ్రీ వేరే విషయంలో కావడం వల్ల ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడ్చుకోక తప్పదు. ఉద్యోగం వదులుకుని తరగతి గదికి వెళ్లే వీలు లేదు కనుక ఆన్‌లైన్ కోర్సే గతి అనుకున్నాను. కోర్సుల పట్టికలను ఫీజు ప్రకారం చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి చూసి, పైన కనిపించినదానిలో చేరిపోయాను. పాఠాలు శ్రద్ధగా విన్నాను, పరీక్షలు బాగా రాశాను, మంచి గ్రేడు తెచ్చుకున్నాను. ఆ మార్కుల పత్రాన్ని నేను చేరబోయే విద్యాసంస్థకు పంపితే రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ కోర్సు బీజగణితం ఆధారంగా బోధించినదనీ, అందులో ప్రయోగశాల లేదనీ మొదటి వాక్యం. అందువల్ల తమ మొదటి టర్ము భౌతికశాస్త్రానికి దాన్ని సమానంగా లెక్కించలేమని రెండో వాక్యం. ఇందులో వారి తప్పేమీ లేదు. కోర్సు నడిపినవారు కూడా నన్ను మోసం చేయలేదు, ఎందుకంటే ఆ రెండు సంగతులూ వారి కోర్సు వివరణలో రాసే ఉన్నాయి. నేనే ఫీజు అంకె దగ్గర ఆగిపోయాను.

ఆ తరువాత రెండో కోర్సును వెతకడంలో నేను చాలా నెమ్మదిగా, కొంత అనుమానంగా నడిచాను. ఆ నడకలో తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

కాలేజీ ఫిజిక్స్ అన్న ఒక్క పేరు కింద కనీసం మూడు రకాల కోర్సులు నడుస్తాయని నాకు ముందు తెలియదు. మొదటిది లెక్కలు దాదాపు లేకుండా భావాలను మాత్రమే పరిచయం చేసేది. ఇతర విషయాలు చదివేవారి సాధారణ విజ్ఞానం కోసం ఉద్దేశించినది. రెండోది బీజగణితం, త్రికోణమితి వాడుకుంటూ సాగేది. జీవశాస్త్రం, వైద్యానికి సంబంధించిన చదువులవారు ఎక్కువగా తీసుకునేది ఇదే. మూడోది కాల్కులస్, అంటే మారుతూ ఉండే రాశులను లెక్కకట్టే గణితం, ఆధారంగా నడిచేది. ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం వైపు వెళ్లేవారిని సాధారణంగా దీన్నే అడుగుతారు. చాలాచోట్ల రెండోదాన్ని "కాలేజీ ఫిజిక్స్" అనీ, మూడోదాన్ని "యూనివర్సిటీ ఫిజిక్స్" అనీ పిలుస్తారు. రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ సంస్థ ఉచితంగా అందించే పాఠ్యపుస్తకాలు కూడా ఈ పేర్లతోనే ఉన్నాయి. 2012లో వచ్చిన వారి కాలేజీ ఫిజిక్స్ బీజగణితంతో సాగుతుంది, 2016లో మూడు సంపుటాలుగా వచ్చిన యూనివర్సిటీ ఫిజిక్స్ కాల్కులస్‌తో సాగుతుంది. అయితే ఈ పేర్లను ప్రతి కళాశాలా ఇదే అర్థంలో పాటించాలన్న నియమమేదీ లేదు కనుక, పేరును నమ్మకుండా "ఈ కోర్సులో చేరడానికి ముందు ఏ గణితం పూర్తిచేసి ఉండాలి?" అన్న వాక్యాన్ని వెతికి చదవడం మేలు. అక్కడ కాల్కులస్ కనిపించకపోతే అది మూడో రకం కాదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు.

ఈ తేడా కేవలం కాగితం మీది పట్టింపు అని మొదట్లో నేను విసుక్కున్న మాట నిజం. రెండు కోర్సులూ చేసిన తరువాత ఆ విసుగు పోయింది. ఒక స్ప్రింగును లాగడమే తీసుకుందాం. బలం స్థిరంగా ఉన్నప్పుడు పని అంటే బలాన్ని దూరంతో హెచ్చవేయడమే. స్ప్రింగు దగ్గర అది కుదరదు, ఎందుకంటే లాగేకొద్దీ బలం పెరుగుతూ పోతుంది. బీజగణితపు కోర్సులో ఒక గ్రాఫు గీసి, గీత కింద ఏర్పడిన త్రిభుజం వైశాల్యమే పని అని చూపించి, సూత్రంలో ఆ "సగం" ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి ముగిస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ గీత వంకర తిరిగినప్పుడు ఆ త్రిభుజం ఇక అక్కరకు రాదు. కాల్కులస్ కోర్సులో అదే లెక్కను సమాకలనంతో, అంటే చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి కూడే పద్ధతితో, చేస్తారు కాబట్టి బలం ఎలా మారినా పద్ధతి ఒకటే. గాలిలో పడుతున్న వస్తువు విషయమూ అంతే. గాలి నిరోధం, బరువు సమానమయ్యాక వస్తువు ఏ వేగంతో పడుతుందో మొదటి కోర్సులో కనుక్కున్నాను. ఆ వేగాన్ని అది క్షణక్షణానికీ ఎలా అందుకుంటుందో రెండో కోర్సులో, అవకలన సమీకరణం రాసినప్పుడు మాత్రమే చూశాను. నేను చేరబోయే చదువు ఈ రెండో ప్రశ్నతో మొదలవుతుంది. వారు నన్ను వెనక్కు పంపడంలో న్యాయం ఉంది.

ఇక అసలు ఖర్చు విషయానికి వస్తే, పాఠం ఖరీదు సున్నా అన్న సంగతిని ముందుగా ఒప్పుకోవాలి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన పాఠాలను అందరికీ తెరిచి ఉంచుతానని 2001లో ప్రకటించి, మరుసటి సంవత్సరం నుంచి ఓపెన్‌కోర్స్‌వేర్ పేరుతో పెట్టడం మొదలుపెట్టింది. యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆర్. శంకర్ 2006లో చెప్పిన తొలి టర్ము పాఠాలు 24, ప్రశ్నపత్రాలతో, జవాబులతో సహా ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. భారతదేశంలోని ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో భౌతికశాస్త్రం కోర్సులు ఎన్నో ఉన్నాయి, అవీ వినడానికి ఉచితమే. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ నమూనా ప్రయోగాలను తెరమీద ఎన్నిసార్లైనా ఆడి చూడవచ్చు. వీటన్నింటినీ పక్కపక్కన పెట్టుకున్న రోజున, ఇంత మంచి బోధన ఉచితంగా దొరుకుతుంటే డబ్బు ఎందుకు కట్టాలి అని నేనే ఎదురు ప్రశ్న వేసుకున్నాను.

ఆ ప్రశ్నకు సమాధానం ఒక ఏటవాలు పలక మీద దొరికింది. 30 డిగ్రీల వాలు మీద ఒక దిమ్మ జారుతోంది, ఘర్షణ గుణకం ఇచ్చారు, త్వరణం కనుక్కోమన్నారు. ఇలాంటి లెక్కను వీడియోలో ఆచార్యులు చేస్తుండగా నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ తల ఊపాను. కాగితం తీసుకుని నేనే చేయబోతే, పలక దిమ్మను నెట్టే బలాన్ని దిమ్మ మొత్తం బరువుకు సమానంగా రాసేశాను. అది నేల చదునుగా ఉన్నప్పుడు మాత్రమే నిజం. 30 డిగ్రీల వాలు మీద ఆ బలం బరువులో 0.866 వంతు మాత్రమే. చివరి అంకె జవాబుతో కలవలేదని తెలిసింది గానీ, ఎక్కడ దారి తప్పానో ఆ రాత్రి ఎంత తిరగేసినా తెలియలేదు. చూసినప్పుడు అర్థమైనది చేసినప్పుడు అర్థం కాకపోవడం నా ఒక్కరి జబ్బు కాదని తరువాత చదివి కొంత ఊరట పొందాను. అమెరికా భౌతికశాస్త్ర అధ్యాపకుడు రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సుల నుంచి ఆరు వేల అయిదు వందల మందికి పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చి చూశారు. కోర్సు మొదట్లో తెలియనివాటిలో చివరికి ఎంత భాగం తెలిసింది అన్న లెక్కన, ఉపన్యాసం విని రాసుకునే తరగతుల్లో సగటు 23 శాతం కాగా, విద్యార్థులు తామే చేస్తూ, చర్చిస్తూ, వెంటనే తప్పొప్పులు తెలుసుకుంటూ నేర్చుకున్న తరగతుల్లో 48 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ. ఎంత మంచి వీడియో అయినా ఉపన్యాసమే. అది నా కాగితాన్ని చూడదు.

అప్పటి నుంచి ఫిజిక్స్ కోర్సు ఖరీదును నేను మూడు ముక్కలుగా చూడడం అలవాటు చేసుకున్నాను. పాఠం ఒకటి, నేను చేసిన పనిని ఒక మనిషి చూసి చెప్పడం రెండు, పూర్తిచేశానని ఇంకొక విద్యాసంస్థ ఒప్పుకునేలా రాసివ్వడం మూడు. మొదటిదానికి పైసా కట్టనక్కరలేదు. కట్టే డబ్బంతా రెండో, మూడో వాటికే, కాబట్టి ఆ రెండూ ఎంత గట్టివో చూసి కట్టాలి. కేవలం ఆసక్తి కొద్దీ చదువుకునేవారికి మూడోది అసలు అవసరం లేదు. వారు ఉచిత పాఠాలతో, ఉచిత పుస్తకంతో, తప్పులు చూసి పెట్టే ఒక స్నేహితుడితో హాయిగా గట్టెక్కవచ్చు. నాకు మూడోదే ముఖ్యం, మొదటి కోర్సులో సరిగ్గా అదే లేదు.

ఈ మూడో ముక్క దగ్గర సర్టిఫికెట్‌కు, క్రెడిట్లకు, అంటే డిగ్రీ చదువులో లెక్కకు వచ్చే కోర్సు కొలతకు, మధ్య ఉన్న తేడాను నూటికి నూరుపాళ్లు గుర్తుంచుకోవాలి. 2012లో మొదలైన ఎడెక్స్, కోర్సెరా వంటి వేదికల మీద పేరున్న విశ్వవిద్యాలయాల కోర్సులు తక్కువ ధరకు కనిపిస్తాయి. చివర్లో ఆ విశ్వవిద్యాలయం ముద్రతో సర్టిఫికెట్ వస్తుంది. అది చూడముచ్చటగానే ఉంటుంది గానీ, ఎక్కువ సందర్భాల్లో అది కోర్సు పూర్తిచేశారనే మాటే తప్ప ఆ విశ్వవిద్యాలయం ఇచ్చిన క్రెడిట్లు కావు. క్రెడిట్లు ఉంటే అవి ట్రాన్‌స్క్రిప్ట్ మీద, అంటే ఆ సంస్థ అధికారికంగా పంపే మార్కుల పత్రం మీద, కోర్సు సంఖ్యతో, గ్రేడుతో కనిపించాలి. "మీరు ట్రాన్‌స్క్రిప్ట్‌ను నేరుగా వేరే విశ్వవిద్యాలయానికి పంపుతారా?" అని అడిగితే చాలు, సగం కోర్సులు జాబితా నుంచి రాలిపోతాయి. మిగిలినవాటిలో ఆ సంస్థకు గుర్తింపు ఇచ్చింది ఎవరు, ఆ గుర్తింపును మనం చేరబోయేవారు లెక్కలోకి తీసుకుంటారా అన్నది చూడాలి. క్రెడిట్ల కొలత కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఐరోపా విధానంలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల మొత్తం పని, సంవత్సరానికి 60 క్రెడిట్లు. ఇతర విధానాల్లో ఒక్క క్రెడిట్ బరువు ఇంతకన్నా ఎక్కువగా ఉండవచ్చు. కనుక "నాలుగు క్రెడిట్ల కోర్సు" అన్న మాటను చూసి సంబరపడకుండా, ఏ కొలత ప్రకారం నాలుగో తెలుసుకోవాలి.

చౌక కోర్సు ఎక్కడ దొరుకుతుందన్న దానికి నా అనుభవంలో తేలిన జవాబు ఒక్కటే. ప్రకటనల్లో కనిపించేవాటికన్నా, ప్రజాధనంతో నడిచే కళాశాలలు, సార్వత్రిక విశ్వవిద్యాలయాలు తమ మామూలు కోర్సులనే దూరవిద్యగా అందించే చోట ధర, గుర్తింపు రెండూ కలిసి వస్తాయి. డిగ్రీలో చేరకుండా ఒక్క కోర్సుకు మాత్రమే నమోదు చేసుకునే పద్ధతి చాలా సంస్థల్లో ఉంటుంది, కానీ మొదటి పేజీలో దాని ప్రస్తావన ఉండదు. ప్రవేశాల కార్యాలయాన్ని అడిగితే తప్ప తెలియదు. స్థానికులకు ఒక ఫీజు, బయటివారికి మరొక ఫీజు ఉన్నచోట ఆన్‌లైన్ విద్యార్థిని ఏ లెక్కలో వేస్తారో కూడా అప్పుడే అడగాలి. వరుసలో నేను చూసిన ఒక కోర్సు నాకు ఎంతో చవకగా కనిపించింది, తీరా అడిగితే నేను బయటివాళ్ల లెక్కలో పడ్డాను, అక్కడితో దాని ప్రస్తావన ముగిసింది.

ఫీజు అని రాసిన అంకె ఒక్కటే మొత్తం ఖర్చు అనుకోవడం నేను చేసిన రెండో పొరపాటు. నా మొదటి కోర్సులో అసలు ఫీజుకు తోడు దాదాపు మూడో వంతు అదనంగా పోయింది. పాఠ్యపుస్తకం పాత ప్రతి కొన్నాను, మిగుల్చుకున్నానని మురిసిపోయాను. హోంవర్కు మొత్తం ఒక వెబ్‌సైట్‌లో చేయాలనీ, దానికి కావలసిన యాక్సెస్ కోడ్ కొత్త పుస్తకంతో మాత్రమే కలిసి వస్తుందనీ, పాత ప్రతి కొన్నవారు దాన్ని విడిగా కొనాలనీ మొదటి వారంలో తెలిసింది. ఆ కోడ్ టర్ము ముగియగానే పనికిరాకుండా పోతుంది, మళ్లీ అమ్ముకోవడానికి కూడా ఉండదు. పరీక్ష రాసేటప్పుడు కెమెరాతో కనిపెట్టే ప్రాక్టరింగ్‌కు ప్రతి పరీక్షకూ కొంత రుసుము. ట్రాన్‌స్క్రిప్ట్ పంపడానికి ఇంకొంత. అందుకే రెండోసారి ఓపెన్‌స్టాక్స్ వంటి ఉచిత పుస్తకాన్నే పాఠ్యపుస్తకంగా పెట్టుకున్న కోర్సులను ముందు వెతికాను. ఫీజు కొంచెం ఎక్కువ ఉన్నా, కలిపి చూస్తే అవే చవకగా తేలాయి. మధ్యలో మానేస్తే ఎన్నో రోజు వరకు ఎంత వెనక్కు ఇస్తారన్నది కూడా చూసుకున్నాను, ఎందుకంటే ఉద్యోగం చేస్తూ చదివేవారికి మధ్యలో మానేయడం ఊహకందని సంగతేమీ కాదు.

స్వీయవేగంతో, అంటే మనకు వీలైనప్పుడు చదువుకునే కోర్సుల గురించి ఒక్క మాట. అవి నాలాంటివారికోసమే పుట్టినట్టు కనిపిస్తాయి. కానీ గడువు లేని ఫిజిక్స్ హోంవర్కు ఏ ఆదివారం సాయంత్రానికీ పూర్తికాదు. తరగతిలో గడిపే ప్రతి గంటకు బయట రెండు గంటల సొంత పని అన్న పాత లెక్క ఈ విషయంలో అతిశయోక్తి కాదు. వారానికి పది గంటలు ఎక్కడి నుంచి తేవాలో ముందే కాగితం మీద రాసుకోకపోతే, గడువు పొడిగింపు రుసుము రూపంలో ఆ గంటలను కొనుక్కోవలసి వస్తుంది.

రెండో కోర్సులో చేరే ముందు నేను చేసిన అత్యంత ఉపయోగకరమైన పని ఒక ఉత్తరం రాయడం. నన్ను వెనక్కు పంపిన విద్యాసంస్థ రిజిస్ట్రార్ కార్యాలయానికి, నేను ఎంచుకున్న కోర్సు సంఖ్యనూ, వారం వారం అంశాలతో ఉన్న పూర్తి సిలబస్‌నూ జతచేసి, ఇది మీ మొదటి టర్ముకు సమానమవుతుందా, ఇంట్లో చేసే ప్రయోగాలను ప్రయోగశాలగా ఒప్పుకుంటారా, కనీస గ్రేడు ఎంత, ఎన్నేళ్ల కిందట చేసినదాకా చెల్లుతుంది అని అడిగాను. ఫోనులో అడగలేదు. ఫోనులో ఒకరు "సరిపోతుందనుకుంటాను" అంటారు, ఆరు నెలల తరువాత దరఖాస్తును చూసేది ఇంకొకరు. తొమ్మిది రోజులకు రాతపూర్వకంగా జవాబు వచ్చింది. కోర్సు సమానమే, ఇంటి ప్రయోగాలు చెల్లుతాయి, కానీ కేవలం తెరమీది నమూనా ప్రయోగాలతో నడిచే ల్యాబ్ చెల్లదు. చేతితో కొలిచి, నివేదిక రాసి, అధ్యాపకులు దిద్దినదై ఉండాలి. చివరి షరతు నేను ఊహించనిది. అప్పటిదాకా నా జాబితాలో మిగిలిన మూడు కోర్సుల్లో ఒకటి ఆ షరతుతోనే జారిపోయింది, అది మూడింటిలోనూ చవకైనది. ఈసారి బాధపడలేదు.

ల్యాబ్ అన్నది ఆన్‌లైన్ ఫిజిక్స్‌లో అందరూ తేలిగ్గా తీసుకునే భాగం, ఖర్చు దాగి ఉండేది కూడా అక్కడే. కొన్ని సంస్థలు చిన్న పెట్టెలో తక్కెడ, స్ప్రింగులు, కటకాలు, విద్యుత్ మీటరు పెట్టి పంపుతాయి, దాని ధర కొన్నిసార్లు పుస్తకం ధరను మించుతుంది. మరికొన్ని ఇంట్లో ఉన్న వస్తువులతోనూ, ఫోనుతోనూ చేయించుకుంటాయి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్, ఫోనులోనే ఉన్న త్వరణ, అయస్కాంత, ధ్వని సెన్సార్లను కొలత పరికరాలుగా మార్చేస్తుంది. నేను చేరిన కోర్సు ఈ రెండో తరహాది. ఫోనుతో ఏం ల్యాబ్ అని లోలోపల తక్కువగానే చూశాను.

మొదటి ప్రయోగం లోలకం. దారానికి ఏదైనా బరువు కట్టి ఊపి, ఒక ఊపుకు పట్టే కాలాన్ని బట్టి గురుత్వ త్వరణాన్ని లెక్కకట్టాలి. సూట్‌కేసుకు వేసే చిన్న తాళంకప్పను దారానికి కట్టి, తలుపు చట్రం మీది మేకుకు వేలాడదీశాను. మేకు నుంచి ముడి దాకా సరిగ్గా 80 సెంటీమీటర్లు. ఒక్క ఊపును కొలిస్తే గడియారం నొక్కడంలో జరిగే అయిదో వంతు సెకను ఆలస్యమే ఫలితాన్ని 20 శాతానికి పైగా చెదరగొడుతుంది కనుక, 20 ఊపులను కలిపి కొలవమని సూచనల్లో ఉంది. అలా అయిదుసార్లు కొలిచాను. 36.1, 36.3, 36.2, 36.4, 36.2 సెకన్లు. సగటు 36.24, అంటే ఒక ఊపుకు 1.812 సెకన్లు. సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం 9.62 వచ్చింది. రావలసినది 9.8. రెండు శాతం లోపు తేడా, ఇంట్లో చేసినదానికి ఇది చాలా బాగుందని నాకు నేనే మెచ్చుకుని, నివేదిక చివర "గడియారం నొక్కడంలో జరిగిన ఆలస్యం వల్ల ఈ తేడా వచ్చింది" అని రాసి పంపాను.

నాలుగో రోజున నివేదిక తిరిగి వచ్చింది. ఆ వాక్యం పక్కన అధ్యాపకురాలు ఇలా రాశారు. "గడియారం వల్ల వచ్చే లోపం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపాలి. 20 ఊపుల మీద అది మీ ఫలితాన్ని దాదాపు 0.1 మాత్రమే కదిలించగలదు. మీ అయిదు కొలతలను విడివిడిగా లెక్కకట్టి చూడండి, అయిదూ 9.8కి కిందే ఉన్నాయి. అన్నీ ఒకే వైపుకు ఒరిగాయంటే ఆ లోపం గడియారంలో లేదు. నివేదిక మళ్లీ రాయండి."

విడివిడిగా లెక్కకట్టాను. 9.54 నుంచి 9.69 దాకా వచ్చాయి, ఒక్కటి కూడా 9.7 దాటలేదు. ఇంకెక్కడ తప్పు ఉంటుందో తోచక, మేకుకు ఇంకా వేలాడుతూనే ఉన్న తాళంకప్ప ముందు స్కేలు పట్టుకుని నిలబడ్డాను. నేను కొలిచింది ముడి దాకా. ఊగేది ముడి కాదు, తాళంకప్ప. దాని బరువంతా కింది దిమ్మలో ఉంది. ముడి నుంచి ఆ దిమ్మ మధ్యభాగానికి స్కేలు పెట్టి చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు. పొడవును 81.5 సెంటీమీటర్లుగా మార్చి అదే సూత్రంలో మళ్లీ వేస్తే 9.80 వచ్చింది.

ఆ రాత్రే నివేదిక మళ్లీ రాసి పంపాను. మొదటి కోర్సులో 14 వారాల్లో నా కాగితం మీద ఎవరూ ఒక్క మాట కూడా రాయలేదు. హోంవర్కు వెబ్‌సైట్ ప్రతి లెక్క పక్కనా పచ్చ గుర్తో ఎర్ర గుర్తో వేసి ఊరుకునేది. 9.62ను ఆ వెబ్‌సైట్‌కే ఇచ్చి ఉంటే, రెండు శాతం తేడాను సరేనని ఒప్పుకుని, పచ్చ గుర్తే వేసి ఉండేది.